అమెరికా రక్షణ కాంట్రాక్టుల్లో ఉత్పత్తి పరీక్షలు: కోట్ వేసే రోజు నుంచి సరుకు ఆమోదం దాకా

అమెరికా రక్షణ శాఖకు గానీ, ఆ శాఖకు ఆయుధ సామగ్రి అందించే పెద్ద కంపెనీలకు గానీ తొలిసారి విడిభాగాలు సరఫరా చేయబోయే సంస్థలు తరచూ ఒక తప్పు అంచనాతో పని మొదలుపెడతాయి. వస్తువు నాణ్యంగా తయారైతే చాలని, పరీక్షలు చివర్లో జరిగే లాంఛనమని అనుకుంటాయి. నిజానికి కొనుగోలుదారు వస్తువుతో పాటు ఒక లిఖిత సాక్ష్యాన్ని కూడా కొంటున్నాడు. ఫలానా డ్రాయింగు ప్రకారం, ఫలానా పదార్థంతో, ఫలానా కర్మాగారంలో తయారైన వస్తువు చెప్పిన పరీక్షకు తట్టుకుందని ఆ సాక్ష్యం చూపించాలి. అది లేని వస్తువు ఎంత బాగున్నా వెనక్కి పంపే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. కనుక పరీక్షల పని టెండరు పత్రం చేతికి వచ్చిన రోజునే మొదలవుతుంది.

మొదటి అడుగు: పరీక్షల బాధ్యత ఏ పేజీలో ఉందో వెతకడం

పరీక్షలన్నీ ఒకే చోట జాబితాగా రాసి ఇచ్చే టెండరు పత్రం చాలా అరుదు. పెద్ద కాంట్రాక్టుల పత్రం సాధారణంగా ‘ఎ’ నుంచి ‘ఎం’ వరకు అక్షరాలతో సూచించే విభాగాలుగా ఉంటుంది. వస్తువు వర్ణన, స్పెసిఫికేషన్లు ‘సి’ విభాగంలోను, ప్యాకింగ్, మార్కింగ్ ‘డి’లోను, తనిఖీ, ఆమోదం ‘ఇ’లోను, క్లాజులు ‘ఐ’లోను, జతపరిచిన పత్రాలు ‘జె’లోను ఉంటాయి. ‘ఇ’ విభాగం ఒక్కటే చదివి పరీక్షల ఖర్చు లెక్కవేసే సరఫరాదారు సగం పని మరిచిపోయినట్లే. చిన్న కొనుగోళ్లలో ఈ విభజన కనిపించకపోయినా, ఆ విషయాలు పత్రంలో ఎక్కడో ఒకచోట ఉండే తీరుతాయి.

తర్వాత స్పెసిఫికేషన్ తెరవాలి. సైనిక స్పెసిఫికేషన్లకు ఆరు విభాగాల స్థిరమైన అమరిక ఉంది: పరిధి, వర్తించే పత్రాలు, అవసరాలు, ధ్రువీకరణ, ప్యాకేజింగ్, గమనికలు. చాలామంది ఇంజినీర్లు మూడో విభాగమైన అవసరాల దగ్గరే ఆగిపోతారు. సరఫరాదారు డబ్బు, గడువు రెండూ నాలుగో విభాగంలో ఉంటాయి. మూడో విభాగంలోని ప్రతి అవసరాన్నీ ఏ పద్ధతిలో, ఎన్ని నమూనాల మీద, ఏ దశలో నిరూపించాలో అక్కడ రాసి ఉంటుంది. రెండో విభాగంలో పేర్కొన్న ఇతర ప్రమాణాలను కూడా తెప్పించుకుని చదవాలి. ఒక పూత స్పెసిఫికేషన్ మరొక ఉప్పు పొగమంచు పరీక్ష ప్రమాణాన్ని, అది ఇంకొక నమూనా తయారీ పద్ధతిని పేర్కొనడం మామూలే. ఈ పత్రాల్లో చాలా భాగం రక్షణ శాఖ నిర్వహించే ‘అసిస్ట్’ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే అక్కడ కనిపించే తాజా కూర్పు మీకు వర్తించకపోవచ్చు. కాంట్రాక్టులో ఏ కూర్పు పేర్కొన్నారో అదే చెల్లుతుంది కనుక, కూర్పు అక్షరాన్ని, సవరణ సంఖ్యను మొదటి రోజే రాసి పెట్టుకోవాలి.

చివరగా డీడీ ఫారం 1423 చూడాలి. కాంట్రాక్టు కింద అందజేయవలసిన పత్రాల జాబితా అది. పరీక్షా ప్రణాళిక, పరీక్షా విధానం, పరీక్షా నివేదిక ఒక్కొక్కటీ వేరే వరుసలో, వేరే గడువుతో ఉండవచ్చు. ప్రతి పత్రం ఏ నమూనాలో ఉండాలో చెప్పే డేటా ఐటెమ్ వివరణ సంఖ్య కూడా ఆ వరుసలోనే ఉంటుంది. ఉదాహరణకు పరీక్షా విధానానికి డీఐ-ఎన్‌డీటీఐ-80603, పరీక్ష లేదా తనిఖీ నివేదికకు డీఐ-ఎన్‌డీటీఐ-80809 సంఖ్యలను వాడుతుంటారు. వస్తువు సిద్ధంగా ఉన్నా పత్రం ఆమోదం పొందక సరుకు గోదాములో నిలిచిపోయే పరిస్థితి వస్తే, దానికి కారణం ఎక్కువసార్లు ఈ ఫారంలోని ఒక చిన్న గడిలోనే దొరుకుతుంది.

రెండో అడుగు: మీకు వర్తించే పరీక్ష ఏ రకమో తేల్చుకోవడం

కాంట్రాక్టు ఇవ్వకముందే పూర్తి కావలసినది అర్హత పరీక్ష. ఈ పరీక్షలో నెగ్గిన ఉత్పత్తుల పేర్లు అర్హత పొందిన ఉత్పత్తుల జాబితాలో చేరతాయి. మీ వస్తువుకు అలాంటి జాబితా ఉండి, అందులో మీ పేరు లేకపోతే, తక్కువ ధర చెప్పినంత మాత్రాన కాంట్రాక్టు రాదు. అర్హత ప్రక్రియకు పట్టే కాలం టెండరు గడువు కన్నా సాధారణంగా ఎక్కువ. ఆ రంగంలో నిలబడదలచినవారు టెండరు కోసం ఎదురుచూడకుండా ముందే దరఖాస్తు చేసుకోవాలి. జాబితాలో చేరినంత మాత్రాన ఆ తర్వాత ప్రతి లాట్ (ఒకే విడతగా తయారుచేసి ఇచ్చే సరుకు) స్పెసిఫికేషన్‌కు సరిపోవాలన్న బాధ్యత తొలగిపోదు.

రెండోది ఫస్ట్ ఆర్టికల్ పరీక్ష, అంటే కాంట్రాక్టు వచ్చాక, పూర్తిస్థాయి ఉత్పత్తికి ముందు తొలి నమూనాల మీద జరిగే పరీక్ష. మూడోది ప్రతి లాట్ మీదా జరిగే అనుగుణ్యతా తనిఖీ. తొలి కాంట్రాక్టులో సరఫరాదారులు ఎక్కువగా చిక్కుకునేది రెండోదానిలోనే.

మూడో అడుగు: ఫస్ట్ ఆర్టికల్ షరతులను అక్షరం అక్షరం చదవడం

ఇక్కడ ముందుగా ఒక పేరు గందరగోళాన్ని తొలగించాలి. విమాన రంగంలో ఏఎస్9102 అనే ప్రమాణం ప్రకారం జరిగే ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్‌లో డ్రాయింగులోని ప్రతి కొలతను, ప్రతి గమనికను తయారైన భాగంతో పోల్చి నమోదు చేస్తారు. ఫెడరల్ కొనుగోలు నిబంధనావళి ‘ఫార్’లో తొమ్మిదో భాగం కిందకు వచ్చే ఫస్ట్ ఆర్టికల్ టెస్టింగ్ అందుకు భిన్నమైన కాంట్రాక్టు బాధ్యత; అందులో పనితీరు, పర్యావరణ పరీక్షలు కూడా ఉండవచ్చు. మొదటిది పూర్తి చేసి రెండోది కూడా అయిపోయిందని భావించిన సంస్థలు సరుకు పంపే దశలో కంగుతింటాయి.

ఫార్ 52.209-3 క్లాజు ఉంటే పరీక్ష చేయించవలసినది సరఫరాదారు, 52.209-4 ఉంటే నమూనాలను ప్రభుత్వానికి పంపాలి, పరీక్ష ప్రభుత్వం చేస్తుంది. రెండింటిలోనూ ఖాళీలు ఉంటాయి: ఎన్ని నమూనాలు, ఎన్ని రోజుల్లో, ఎవరికి. ఆ ఖాళీల్లో నింపిన అంకెలే మీ అసలు షెడ్యూలు. 52.209-3 కింద పరీక్ష మొదలయ్యే తేదీని, స్థలాన్ని ప్రభుత్వం తరఫున కాంట్రాక్టు చూసే కాంట్రాక్టింగ్ అధికారికి ముందుగానే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పరీక్షను చూడటానికి ప్రభుత్వ ప్రతినిధి రావచ్చు. నివేదిక అందాక అధికారి ఆమోదించవచ్చు, షరతులతో ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు. తిరస్కరణ వస్తే మార్పులు చేసి మళ్లీ పరీక్షించే ఖర్చు సరఫరాదారుదే. గడువుకు నివేదిక ఇవ్వకపోయినా, నమూనా తిరస్కరణకు గురైనా, సరుకు సమయానికి ఇవ్వనట్లుగానే క్లాజు పరిగణిస్తుంది. అంటే ఒక పరీక్ష వైఫల్యం కాంట్రాక్టు రద్దుకు దారితీయగలదు.

అన్నిటికన్నా ఖరీదైన వాక్యం మరొకటి ఉంది. ఫస్ట్ ఆర్టికల్ ఆమోదం రాకముందు మిగతా పరిమాణానికి ముడిసరుకు కొన్నా, ఉత్పత్తి మొదలుపెట్టినా, ఆ నష్టభయం పూర్తిగా సరఫరాదారుది. ముడిసరుకు దొరకడానికి నెలలు పట్టే లోహాల విషయంలో ఇది నిజమైన ఇరకాటం. ఆమోదం కోసం ఆగితే గడువు దాటుతుంది, ఆగకపోతే డబ్బు ప్రమాదంలో పడుతుంది. క్లాజుకు ఉన్న రెండో ప్రత్యామ్నాయ పాఠం కాంట్రాక్టులో ఉంటే, ఆమోదానికి ముందే కొంత కొనుగోలుకు, ఉత్పత్తికి కాంట్రాక్టింగ్ అధికారి అనుమతి ఇచ్చే వీలుంటుంది. ఈ పాఠం చేర్చమని అడగదలిస్తే టెండరు దశలోనే అడగాలి. సంతకం అయ్యాక అడగడం బతిమాలుకోవడమే అవుతుంది.

మినహాయింపు దారి కూడా ఇక్కడే ఉంది. అదే వస్తువును, లేదా దానిని పోలినదాన్ని ఇంతకుముందు ప్రభుత్వానికి సరఫరా చేసి ఆమోదం పొందినవారికి ఫస్ట్ ఆర్టికల్ అవసరాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అలాంటి చరిత్ర ఉన్నవారు పాత కాంట్రాక్టు సంఖ్యను, ఆమోద పత్రాన్ని కోట్‌తో పాటే జతపరచాలి. టెండరు అనుమతిస్తే పరీక్షతో ఒక ధర, పరీక్ష లేకుండా మరొక ధర ఇవ్వడం మంచిది.

ప్రభుత్వం నిర్ణీత గడువులో తన నిర్ణయం చెప్పకపోతే డెలివరీ తేదీలోను, ధరలోను తగిన సర్దుబాటు కోరే హక్కు సరఫరాదారుకు ఉంటుంది. అయితే ఆ హక్కును సకాలంలో లిఖితపూర్వకంగా కోరితేనే వర్తిస్తుంది. కాబట్టి నివేదిక పంపిన రోజునే క్యాలెండరులో అధికారి గడువును గుర్తుపెట్టుకోండి.

నాలుగో అడుగు: అవసరాల పట్టిక, ధర, షెడ్యూలు

ఇప్పుడు ఒక పట్టిక తయారుచేయాలి. ప్రతి అవసరానికి ఒక వరుస ఉండాలి. అవసరం ఏ పేరాలో ఉంది, పరీక్షా పద్ధతి ఏది, నమూనాలు ఎన్ని, పరీక్షలో నమూనా నాశనమవుతుందా, ఎవరు చేస్తారు, ఏ నివేదికలో నమోదవుతుంది అన్నవి నిలువు వరుసలు. నాశనమయ్యే నమూనాలను విడిగా లెక్కించడం మరిచిపోవద్దు. పరీక్షలో నాశనం కాని, కాంట్రాక్టు షరతులన్నిటికీ సరిపోయే ఆమోదిత నమూనాను సాధారణంగా కాంట్రాక్టు పరిమాణంలో భాగంగా అందించవచ్చు. నాశనమైనదాని ఖర్చును మాత్రం ధరలో ముందే కలుపుకోవాలి.

షెడ్యూలును వెనక నుంచి ముందుకు లెక్కవేయాలి. తొలి డెలివరీకి 300 రోజులు ఇచ్చారనుకోండి. అధికారి సమీక్షకు 45 రోజులు, ఆమోదం తర్వాత ఉత్పత్తికి 120 రోజులు తీసేస్తే, నమూనా తయారీకి, ల్యాబ్‌కు, నివేదికకు కలిపి 135 రోజులే మిగులుతాయి. ల్యాబ్‌లో ఖాళీ దొరకడానికే అందులో కొన్ని వారాలు పోవచ్చు. ఒక పునఃపరీక్షకు చోటు లేని షెడ్యూలును నేనైతే షెడ్యూలుగా లెక్కపెట్టను.

ఐదో అడుగు: ల్యాబ్ ఎంపిక

పరీక్షా ల్యాబ్‌ల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ల్యాబ్‌కు ఉందా అని అడిగి ఊరుకోకండి. గుర్తింపు పత్రానికి జతగా ‘పరిధి’ పట్టిక ఉంటుంది. మీకు కావలసిన ప్రమాణం, పద్ధతి, కూర్పు అందులో ఉన్నాయో లేదో చూడాలి. ఏటూఎల్ఏ, ఏఎన్ఏబీ వంటి గుర్తింపు సంస్థలు ఆ వివరాలను బహిరంగంగానే ఉంచుతాయి. కంపన పరీక్ష విషయంలో గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు విద్యుదయస్కాంత పరీక్ష విషయంలో లేకపోవచ్చు.

సాంకేతిక సమాచారం ఎవరి చేతికి వెళుతోందన్నది అంతకన్నా సున్నితమైన అంశం. డ్రాయింగు ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నియంత్రణల కిందకు వస్తే, దానిని విదేశీ ల్యాబ్‌కు ఈమెయిల్ చేయడం ఎగుమతే. అమెరికాలోనే ఉన్న ల్యాబ్‌లో విదేశీ పౌరుడైన ఇంజినీరుకు చూపించడం కూడా ఎగుమతి కిందకే రావచ్చు. పరీక్షా నివేదిక నియంత్రిత సమాచారం అయితే దానిని భద్రపరిచే కంప్యూటర్లకు ఎన్ఐఎస్‌టీ ఎస్‌పీ 800-171 అనే సమాచార భద్రతా ప్రమాణం షరతులు కూడా వర్తించవచ్చు. ఈ విషయాలను ల్యాబ్‌తో కుదుర్చుకునే ఒప్పందంలో రాయించుకోవాలి.

ఆరో అడుగు: పరీక్షా విధానం రాయడం

పర్యావరణ పరీక్షలకు ప్రధాన ఆధారం మిల్ స్టాండర్డ్ (అమెరికా సైనిక ప్రమాణం) 810. దాని ‘హెచ్’ కూర్పు 2019లో వెలువడింది. అధిక ఉష్ణోగ్రతకు 501, తక్కువ ఉష్ణోగ్రతకు 502, తేమకు 507, ఉప్పు పొగమంచుకు 509, ఇసుక, దుమ్ముకు 510, కంపనానికి 514, హఠాత్తుగా తగిలే దెబ్బకు (షాక్) 516 పద్ధతులు. మార్కెట్లో ‘810 పాసైంది’ అనే ప్రకటనలు విరివిగా కనిపిస్తాయి. రక్షణ కాంట్రాక్టులో ఆ మాటకు విలువ లేదు, ఎందుకంటే 810 ఒకే పరీక్ష కాదు, ఒకే తీవ్రత కూడా కాదు. వస్తువు ఎక్కడ నిల్వ ఉంటుంది, ఏ వాహనంలో ప్రయాణిస్తుంది, ఎక్కడ పనిచేస్తుంది అన్నదాన్ని బట్టి పరీక్షను మలచుకోవాలని ఆ ప్రమాణమే చెబుతుంది. అందువల్ల విధానంలో పద్ధతి సంఖ్యతో ఆగక, ప్రొసీజరు, స్థాయి, వ్యవధి, వస్తువు ఆ సమయంలో ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అన్నవన్నీ రాయాలి.

రవాణాలో కిందపడే పరీక్షలో, మనిషి మోయగల చిన్న వస్తువును 26 సార్లు పడవేయాలనే లెక్క ఎక్కడిదో తెలుసుకుంటే ఈ సూక్ష్మత అర్థమవుతుంది. పెట్టె ఆకారానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు; ఒక్కోదాని మీద ఒక్కసారి పడితే మొత్తం 26. ఈ 26 పడవేతలను 5 నమూనాల దాకా పంచుకోవడానికి ప్రమాణం అనుమతిస్తుంది. ఒకే నమూనా మీద 26 చేయాలా, పంచుకోవాలా అన్న ఒక్క వాక్యం విధానంలో లేకపోతే, ల్యాబ్‌లో సాక్షిగా నిలబడిన ప్రభుత్వ ప్రతినిధితో అక్కడికక్కడే వాదన మొదలవుతుంది.

పరీక్షల క్రమానికీ ప్రాధాన్యం ఉంది. ఉప్పు పొగమంచు పరీక్షలో సాధారణంగా 24 గంటలు తడి, 24 గంటలు ఆరబెట్టడం చొప్పున రెండు ఆవృత్తాలు, మొత్తం 96 గంటలు నడుస్తాయి. ఆ ఉప్పు నిల్వలు తర్వాతి పరీక్షల ఫలితాలను చెడగొట్టగలవు కనుక, ఒకే నమూనాను వాడవలసి వస్తే ఉప్పు పొగమంచు పరీక్షను ఇతర వాతావరణ పరీక్షల తర్వాత, ముఖ్యంగా తేమ, బూజు పరీక్షల తర్వాత పెట్టమని ప్రమాణం సూచిస్తుంది. వీలైతే అలాంటి పరీక్షలకు వేర్వేరు నమూనాలు కేటాయించడమే మేలు.

ఎలక్ట్రానిక్ పరికరాలకు విద్యుదయస్కాంత పరీక్షల ప్రమాణమైన మిల్ స్టాండర్డ్ 461 వర్తిస్తుంది. 2015 నాటి ‘జి’ కూర్పును చాలా కాంట్రాక్టులు పేర్కొంటాయి. అందులో ఆర్‌ఈ102 పరికరం వెలువరించే రేడియో తరంగాలను కొలుస్తుంది, ఆర్‌ఎస్103 బయటి తరంగాలను అది తట్టుకుంటుందో లేదో చూస్తుంది. మామూలు వాణిజ్య పరీక్షలో నెగ్గిన పరికరం ఆర్‌ఈ102లో ఓడిపోవడం వింతేమీ కాదు. కేబుళ్ల పొడవు, వాటి కవచం, భూసంధానం (ఎర్తింగ్) అసలు వాడకంలో ఎలా ఉంటాయో ల్యాబ్‌లోనూ అలాగే ఉండాలి. డిజైను దశలోనే ఒకసారి అనధికారికంగా కొలిపించుకుంటే, అధికారిక పరీక్షలో పోయే డబ్బు మిగులుతుంది.

ప్రతి పరీక్షకు ఉత్తీర్ణత కొలమానం అంకెల్లో ఉండాలి. ‘దెబ్బతినకూడదు’ అని రాస్తే గీత పడటం దెబ్బా కాదా అని ఎవరైనా అడగవచ్చు. ‘పరీక్ష తర్వాత అవుట్‌పుట్ వోల్టేజీ ఫలానా హద్దుల్లో ఉండాలి, 1 మిల్లీమీటరు కన్నా లోతైన పగులు ఉండకూడదు’ అన్న తీరులో రాస్తే ప్రశ్నకు తావుండదు.

ఏడో అడుగు: పరీక్ష రోజు, వైఫల్యం వచ్చినప్పుడు

మొదలుపెట్టే ముందు నమూనా సీరియల్ సంఖ్య, డ్రాయింగు కూర్పు, సాఫ్ట్‌వేర్ కూర్పు, పరికరాల క్యాలిబ్రేషన్ గడువు రాసుకుని ఫొటోలు తీయాలి. నమూనాలను మీ అత్యుత్తమ పనివాడి చేత ప్రత్యేకంగా చేయించడం తప్పుదారి. తర్వాత ఉత్పత్తి చేసే యంత్రాల మీద, అదే పద్ధతిలో తయారైనవే అయి ఉండాలి, 52.209-3 మొదటి ప్రత్యామ్నాయ పాఠం నమూనాలు, ఉత్పత్తి రెండూ ఒకే చోట జరగాలని స్పష్టంగా కోరుతుంది.

ఏదైనా విఫలమైతే ముందు పరీక్ష ఆపాలి. బోల్టు బిగించి మళ్లీ నడిపించాలనే తొందర సహజమే, కానీ ఆ క్షణంలో సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ గంటలో, ఏ స్థాయి వద్ద, ఏమి కనిపించిందో నమోదు చేసి, అధికారికి తెలియజేసి, మూలకారణం కనుక్కున్నాక, ఏ పరీక్షలు మళ్లీ చేయాలో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఒక బ్రాకెట్ మందం పెంచితే కంపన పరీక్ష ఒక్కటే కాక, అంతకుముందు నెగ్గిన మరికొన్ని కూడా చెల్లకుండా పోవచ్చు. అవసరాన్ని అందుకోలేమని తేలితే డీడీ ఫారం 1694 ద్వారా ఆ అవసరం నుంచి తేడాకు (వేరియన్స్) అనుమతి కోరే మార్గం ఉంది. అది మంజూరు కావాలన్న నియమం లేదు.

ఎనిమిదో అడుగు: నివేదిక

నివేదికలో పట్టికలోని ప్రతి వరుసకు జవాబు ఉండాలి. అసలు కొలతలు ఉండాలి. ‘పాస్’ అన్న మాట ఒక్కటే చాలదు. విఫలమైన ప్రయత్నాలు, వాటిపై తీసుకున్న చర్యలు కూడా ఉండాలి.

అంకె మార్చితే ఏమవుతుందో చెప్పడానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఫౌండ్రీ (లోహాన్ని పోతపోసే కర్మాగారం) ఉదంతం చాలు. నౌకాదళ జలాంతర్గాములకు వాడే ఉక్కు పోతలకు మైనస్ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద దెబ్బ తట్టుకునే పరీక్ష జరగాలి. అక్కడి లోహ పరీక్షల బాధ్యురాలు మూడు దశాబ్దాలకు పైగా, 2017 వరకు, విఫలమైన ఫలితాలను నెగ్గినట్లుగా మార్చి రాశారు. ఆ ఉష్ణోగ్రత షరతు అర్థరహితమని తనకు అనిపించిందని విచారణలో చెప్పారు. 2020లో కంపెనీ సుమారు 1.09 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది; 2022లో ఆమెకు రెండున్నరేళ్ల జైలుశిక్ష పడింది. ప్రభుత్వం నుంచి తప్పుడు సమాచారంతో డబ్బు పొందినవారికి వర్తించే, 1863లో పుట్టిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద ప్రభుత్వం తన నష్టానికి మూడింతలు రాబట్టగలదు. షరతు అనవసరమనిపిస్తే దానిని మార్చమని అడగడానికి దారి ఉంది. ఫలితాన్ని మార్చడానికి లేదు.

తొమ్మిదో అడుగు: ఉత్పత్తి లాట్లు, ఆమోదం, రికార్డులు

ఫార్ 52.246-2 వర్తించే కాంట్రాక్టుల్లో, ప్రభుత్వం ఒప్పుకోదగిన తనిఖీ వ్యవస్థను సరఫరాదారే నడపాలి, 52.246-11 ఉంటే ఐఎస్ఓ 9001 లేదా ఏఎస్9100 వంటి పై స్థాయి నాణ్యతా వ్యవస్థ కావాలి. లాట్‌లో ఎన్నింటిని పరీక్షించాలో స్పెసిఫికేషన్ చెబుతుంది. పాత పత్రాల్లో కనిపించే శాంపిల్ తనిఖీ ప్రమాణం మిల్ స్టాండర్డ్ 105, 1995లో రద్దయింది. దాని స్థానంలో ఏఎన్ఎస్ఐ/ఏఎస్‌క్యూ జెడ్1.4 వాడుకలో ఉంది. కొన్ని కాంట్రాక్టులు శాంపిల్‌లో ఒక్క లోపం దొరికినా లాట్‌ను తిరస్కరించే పథకాన్ని కోరతాయి. ఈ తేడా ధరను మార్చేస్తుంది.

తనిఖీ తయారీ స్థలంలోనే జరగాలని కాంట్రాక్టు చెబితే, రక్షణ శాఖ తరఫున కాంట్రాక్టుల అమలును చూసే డీసీఎంఏ సంస్థకు చెందిన నాణ్యతా ప్రతినిధి వస్తారు. ఆయన సంతకం లేకుండా సరుకు కదలకూడదు. కనుక లాట్ పూర్తయ్యాక కాకుండా, పూర్తికావడానికి ముందే ఆయనకు కబురు పెట్టాలి.

ఆమోదం తర్వాత ఉపసరఫరాదారును, వేడిశుద్ధి ప్రక్రియను, కర్మాగారం చిరునామాను మార్చదలిస్తే ముందుగా కాంట్రాక్టింగ్ అధికారిని అడగండి. ఫస్ట్ ఆర్టికల్ పరీక్ష మళ్లీ చేయమనవచ్చు. సరఫరాదారులు తమంతట తాము ‘ఇది చిన్న మార్పే’ అని తేల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. పరీక్షా రికార్డులను కాంట్రాక్టు చెప్పినంత కాలం, సాధారణ నిబంధన ప్రకారం అయితే తుది చెల్లింపు తర్వాత కనీసం మూడేళ్లు, లాట్ సంఖ్యతో వెంటనే దొరికేలా దాచాలి. ఆమోదం పొందిన సరుకులో కూడా అప్పటికి కనిపించని లోపం, మోసం, మోసంతో సమానమైన ఘోర తప్పిదం తర్వాత బయటపడితే ప్రభుత్వం మళ్లీ మిమ్మల్ని ప్రశ్నించగలదు. ఆ రోజు మీ చేతిలో ఉండేది ఆనాటి కొలతల కాగితం ఒక్కటే.